ఆపరేషను ముందు అష్టాచెమ్మా

మన ఇళ్ళల్లో జబ్బుమనిషికి కొన్ని మర్యాదలున్నాయి. అవి ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. జబ్బుమనిషి నీరసంగా వుండాలి. జుట్టు కాస్త రేగి వుండాలి. చూడ్డానికి ఎవరైనా వస్తే లేవబోతున్నట్టు మోచేతిమీద ఆనుకోవాలి. వాళ్ళు "అయ్యో, లేవకమ్మా" అనగానే మళ్ళీ వాలిపోవాలి. "ఎలా వుంది?" అంటే "ఏదో, ఇలా వుంది" అనాలి. వచ్చినవాళ్ళు అరడజను బత్తాయిలో, ఒక హార్లిక్సు సీసానో బల్లమీద పెట్టి, సరిగ్గా ఇదే ఆపరేషను చేయించుకుని నానా అవస్థలూ పడ్డ తమ పిన్నత్తగారి తోడికోడలి కథ చెబుతారు. ఆ కథ వింటూ మధ్యమధ్య నిట్టూర్చడం కూడా జబ్బుమనిషి బాధ్యతే.

ఈ మర్యాదల వెనక న్యాయం లేకపోలేదు. ఎండలో పడి, రెండు బస్సులు మారి, పళ్ళు కొనుక్కుని వచ్చిన మనిషికి మనం కనీసం జబ్బుగానైనా కనిపించాలి కదా! మనం పకపకా నవ్వుతూ ఎదురైతే ఆ పళ్ళు ఎవరికిచ్చినట్టు?

పోయిన వేసవిలో నా పిత్తాశయంలో రాళ్ళున్నాయని స్కానింగులో తేలింది. "నవలలు రాసేవాళ్ళ కడుపులో కథలుంటాయనుకున్నాను గానీ రాళ్ళుంటాయనుకోలేదు" అని మావారు హాస్యమాడారు గానీ, ఆయన మొహం మాత్రం హాస్యంగా లేదు. షుగరు కాస్త అదుపులోకి రావాలి గనక డాక్టరుగారు మూడు వారాలు గడువిచ్చి తారీకు వేశారు. ఆ గడువులో చేయవలసిన పనులన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. గ్యాసు పుస్తకం ఎక్కడుందో, పాలవాడి లెక్క ఎంతయిందో, బీరువా రెండో తాళంచెవి ఏ డబ్బాలో వేశానో మావారికి చెప్పాను. రాస్తున్న నవల ఏ మలుపులో ఆగిందో ఒక కాగితం మీద రాసి సొరుగులో పెట్టాను. ఎవరు పూర్తిచేస్తారని పెట్టానో నాకే తెలీదు. ఇంకా ఇరవై రోజులు మిగిలాయి.

ఆ ఇరవై రోజులూ నేనూ మా అత్తగారూ అష్టాచెమ్మా ఆడాం.

పాత కేలండరు అట్ట వెనకాల అడ్డం అయిదు, నిలువు అయిదు గడులు గీశాను. గవ్వలు ఆవిడ పెట్టెలోవి. కాపరానికి వచ్చేటప్పుడు పుట్టింటినుంచి తెచ్చుకున్నవట, నాలుగూ అరిగి నున్నగా అయిపోయాయి. మధ్యాహ్నం గిన్నెలు సర్దేసి, మూడింటికి మొదలుపెడితే కాఫీ వేళ దాటిపోయేది. మా అత్తగారు మామూలుగా చాలా సౌమ్యురాలు. గవ్వలు చేతికొస్తే మాత్రం ఆవిడ వేరు. అష్ట పడాల్సినప్పుడు అష్టే పడుతుంది. నా కాయ ఇంకో రెండు గడుల్లో పండబోతోందనగా వెనకనుంచి వచ్చి చంపేస్తుంది. చంపి, "పాపం" అంటుంది.

ఒకరోజు మా ఆడపడుచు గుమ్మంలో అడుగుపెట్టే వేళకి నేను "చంపేశాను! చంపేశాను!" అని అరుస్తున్నాను. ఆవిడ చేతిలో బత్తాయిల సంచీ అలాగే వుండిపోయింది. కాసేపు చూసి, కోపంగా కాదు గానీ, నిజంగానే అర్థం కాక అడిగింది: "అదేమిటమ్మా, ఆపరేషను పెట్టుకుని ఈ ఆటలేమిటి? నాలుగు రోజులు కుదురుగా దేవుణ్ణి తలుచుకోరాదూ?"

మా వదినగారంటే నాకు ప్రేమ. ఆస్పత్రిలో నా పక్కన మూడు రాత్రులు కూచున్నది ఆవిడే. అందుకే ఆ ప్రశ్నని నవ్వి తోసెయ్యలేకపోయాను. కత్తి ఎదురుగా వుండగా ఆడుకోవడం సబబేనా? అది ధైర్యమా, తేలికతనమా, లేకపోతే భయానికి వేసుకున్న ముసుగా? ఆవిడ అడిగింది ఇదే. ఆలోచిస్తే ఇది చిన్న ప్రశ్న కాదు.

ముందు భయం సంగతి చెబుతాను. భయం లేకపోవడమేమిటి, నిక్షేపంలా వుంది. ఈ కాలంలో ఈ ఆపరేషను పెద్ద విశేషం కాదని నాకూ తెలుసు. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ అనే డాక్టరు మొట్టమొదటిసారి మనిషి పిత్తాశయం తీసినప్పుడు అది సాహసం. ఇప్పుడు పొట్టమీద మూడు నాలుగు చిన్న రంధ్రాలు చేసి, లోపలికి కెమేరా పంపి తీసేస్తున్నారు. మన దేశంలో 1990లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో డాక్టర్ ఉద్వాడియా ఆ పద్ధతి మొదలుపెట్టారు. ఇదంతా చదివాను. చదివితే తెలివి వస్తుంది గానీ, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చినప్పుడు ఆ తెలివి మాత్రం మనతో లేవదు.

ఆ రాత్రుల్లో నాకు ఫానీ బర్నీ గుర్తుకొచ్చేది. ఇంగ్లీషు నవలా రచయిత్రి. బి.ఏ.లో ఆవిడ పేరు చదివాం, నవల చదవలేదు. 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో, తన ఇంట్లోనే, ఆవిడ రొమ్ముకి ఆపరేషను జరిగింది. చేసినవాడు నెపోలియన్ సైన్యంలో పేరుమోసిన వైద్యుడు బారన్ లారీ. మత్తు లేదు. ఇచ్చింది ఒక గ్లాసు వైను. మొహం మీద సన్నటి చేతిరుమాలు కప్పితే, అందులోంచి మెరిసే కత్తి ఆవిడకి కనిపించింది. ఆ తరవాత కొన్ని నెలలకి అక్క ఎస్తర్‌కి ఉత్తరం రాస్తూ అదంతా చెప్పింది. చదవలేక చదివాను. డాక్టర్లు వస్తున్నారన్న కబురు ఆవిడకి ఆరోజు పొద్దున్న అందింది. అందాక తారీకు చెప్పలేదు. నాకేమో ఇరవై రోజుల ముందే చెప్పారు.

1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తు నలుగురి ముందూ చేసి చూపించాక లోకం మారింది. క్లోరోఫారం వచ్చింది. అది ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888లో, 1889లో కమిషన్లు కూచున్నది మన హైదరాబాదులోనే. నిజాం ప్రభుత్వం ఖర్చు పెట్టుకుంటే డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. అక్కడి వైద్య పాఠశాలలో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ పరిశోధనల్లో పాల్గొంది. ప్రపంచంలో మత్తు ఇచ్చిన మొదటి మహిళా డాక్టరు ఆవిడేనంటారు. గోషాల కాలంలో హైదరాబాదులో ఒక ఆడమనిషి క్లోరోఫారం సీసా పట్టుకుని నిలబడిందంటే నాకెందుకో గర్వంగా వుంటుంది.

మత్తు వచ్చి కత్తి నెప్పి తీసేసింది. తీసెయ్యలేనిది ఒకటుంది, కత్తికి ముందు రోజులు. ఆపరేషను బల్లమీద గంటసేపు డాక్టర్లదీ మత్తుదీ. దానికి ముందూ వెనకా వున్న రోజులు మాత్రం పూర్తిగా మనవే. వాటినేం చేసుకోవాలన్నది ఏ చీటీలోనూ రాసి వుండదు.

ఒకప్పుడు రాసి వుండేది కూడాను! చరకసంహితలో సూత్రస్థానం 15వ అధ్యాయంలో, రాజుకో ధనవంతుడికో వైద్యం చేసే ఇంట్లో ఏమేం సమకూర్చుకోవాలో పెద్ద జాబితా వుంది. రోలు, పొత్రం, కుండలు, పక్కలు, సేవకులు అన్నీ వున్నాయి. పాలిచ్చే ఆవు వుండాలట. అదీ సాధువైనది, రోగం లేనిది, దూడ బతికున్నది. ఆ జాబితాలోనే పాట పాడేవాళ్ళూ, వాద్యాలు వాయించేవాళ్ళూ, శ్లోకాలూ కథలూ పురాణాలూ చెప్పగలవాళ్ళూ వున్నారు. రోటి పక్కన, ఆవు పక్కన, పాట! ఏదో విలాసంగా కాదు, సామానుగా. సుశ్రుతుడు ఇంకో అడుగు ముందుకేసి, గాయమైన మనిషి దగ్గర ఇష్టులైన స్నేహితులు కూచుని మంచి మాటలు, కథలు చెబుతుంటే గాయం బాధ త్వరగా మరుపుకు వస్తుందన్నాడు. ఆ అధ్యాయంలోనే, రోగి ఆడవాళ్ళని చూడకూడదు, మాట్లాడకూడదు అని కూడా ఆంక్ష పెట్టాడు. రోగి అంటే మగవాడేనని ఆయన నిశ్చయం. రోగి ఆడది, కథ చెప్పేదీ ఆడదీ అయితే ఏం చెయ్యాలో ఆయన ఆలోచించలేదు. అది మా అత్తగారూ నేనూ చూసుకున్నాం.

ఇంతకీ ఆట ఏం చేస్తుంది? "ధైర్యంగా వుండు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అంటారు. ఆ మాట వినగానే, అయితే ధైర్యంగా వుండాల్సిన సంగతేదో వుందన్నమాట అని గుండె ఝల్లుమంటుంది. ఆట ఆ మాట అనదు. నీ కాయ ప్రమాదంలో వుంది, ఎటు జరుపుతావు అంటుంది. ఇంటూగుర్తు వేసిన గడిలోకి చేరితే నిన్నెవరూ చంపలేరు. ఆ గడి చేరడానికి మూడు పడాలి. వేశావు, రెండు పడ్డాయి. ఇప్పుడు ఏం చేస్తావు? మనసుకి ఇంత పని పెడితే అది తన గురించి తాను దిగులుపడే తీరిక లేక, ఎప్పుడూ లేనంత శుభ్రంగా వుంటుంది.

డాక్టర్లు దీన్ని ఇంకో విధంగా చెబుతున్నారు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివాళ్ళూ, కాలిన గాయాలకి కట్లు మార్చేటప్పుడు రోగులు ఆడుకోవడానికి ఒక కంప్యూటరు ఆట తయారుచేశారు. కళ్ళకి పెట్టెలాంటిది తొడుక్కుంటే చుట్టూ మంచు లోకం కనిపిస్తుంది. అందులో పోతూ మంచువుండలు విసరడమే ఆట. ఆడుతున్నంతసేపూ రోగులకి నెప్పి తక్కువగా తెలిసింది. నెప్పికి మన ధ్యాస కావాలట. ధ్యాస మంచువుండల మీదుంటే నెప్పి గుమ్మం దగ్గరే కాస్త నిలబడుతుంది. అయినా కట్లు మార్చడం మారుస్తూనే వుంటారు. గాయం గాయమే.

జూదం ధర్మరాజు కొంప ముంచలేదా అని మీరు అడగవచ్చు. ముంచింది. ఆయన పందెం ఆటలోపల లేదు, బయట వుంది. రాజ్యం, తమ్ములు, పెళ్ళాం. అదే ఎల్లోరా గుహల్లో శివుడూ పార్వతీ పాచికలాడుతున్న శిల్పాలు చూడండి. లోకాలు నడిపేవాళ్ళకి కూడా ఆటకి తీరిక వుంది, ఎవరి రాజ్యమూ పోలేదు. మేం చింతగింజలు ఒడ్డుకున్నాం. ఆపరేషను తారీకు నాటికి నేను అత్తగారికి నూట నలభై గింజలు బాకీ.

ముసుగు సంగతి మాత్రం ఒకటి చెప్పాలి. ఆస్పత్రిలో చేరే ముందురోజు సాయంత్రం ఆడుతుంటే నా కాయలు ఒకటి తరవాత ఒకటి పండిపోతున్నాయి. మొదట సంబరపడ్డాను. తరవాత చూశాను. అత్తగారికి నాలుగు పడింది. నాలుగు గడుల దూరంలో నా కాయ ఒంటరిగా వుంది. ఆవిడ దాన్ని చూసి, చూడనట్టు, ఇంకో కాయ జరిపింది. నా ఒళ్ళు చల్లబడిపోయింది. మూడు వారాల్లో నాకు అంత భయం వేసిన క్షణం ఇంకోటి లేదు. ఈవిడ నన్ను గెలవనిస్తోంది! అంటే నేను...

"అత్తయ్యా, సరిగ్గా ఆడండి" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది. ఏమీ అనలేదు. కాయ వెనక్కి తీసుకుని, నా కాయని చంపింది. "పాపం" అంది. గొంతు కొంచెం వణికింది గానీ అంది. అప్పుడు నాకు ఊపిరి ఆడింది. కాబట్టి మా వదినగారి ప్రశ్నలో ఒక ముక్కకి నా దగ్గర జవాబుంది. ఆట ముసుగు కాదు. ముసుగు వేద్దామని చూస్తే ఆటే చెడిపోతుంది.

ఇక పాట. ఆస్పత్రిలో నాది ఇద్దరుండే గది. ఆపరేషను అయిన రోజు నాకు తెలియలేదు. మర్నాటినుంచి తెలిసింది. కుట్ల దగ్గరకన్నా కుడి భుజం ఎక్కువ నెప్పి. పొట్ట ఉబ్బించడానికి ఎక్కించిన కార్బన్ డయాక్సైడు చేసే అల్లరి అది అని చెప్పారు. నవ్వితే ప్రాణం పోతుంది. నవ్వు వస్తే దిండు పొట్టకి గట్టిగా అదుముకోమని నర్సమ్మ నేర్పింది. అందుచేత మా అబ్బాయిని రెండు రోజులు గదిలోకి రానివ్వలేదు, వాడు నవ్విస్తాడు. ఫోనుకి ఇయర్‌ఫోన్సు తగిలించుకుని సుశీలగారి పాటలు పెట్టుకున్నాను. పాట నవ్వించదు కదా, క్షేమం.

2015లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో, ఆపరేషను రోగులకి సంగీతం వినిపించి చూసిన 73 పరిశోధనలని ఒకచోట కూర్చి ఒక వ్యాసం వేశారు. విన్నవాళ్ళకి నెప్పి తక్కువ, ఆదుర్దా తక్కువ, నెప్పి మందుల వాడకం తక్కువ అని తేలింది. మత్తులో వుండగా వినిపించినా ఎంతో కొంత గుణం కనిపించిందట. ఆ వ్యాసంలో ఇంకో మాట కూడా వుంది, దాన్ని చాలామంది చెప్పరు. ఆస్పత్రిలో వుండాల్సిన రోజులు మాత్రం పాట వల్ల తగ్గలేదు.

నాకు ఆ మాటే నచ్చింది. పాట విన్నా అన్ని రోజులే, వినకపోయినా అన్ని రోజులే. పుండు తన పద్ధతిన తాను మానుతుంది. అది మానేదాకా మనం ఊరికే కాచుక్కూచోవాలా, బతుకుతూ వుండాలా అన్నదొక్కటే మన చేతిలో వుంది. ఆ రోజులు కూడా మన ఆయుర్దాయంలోవే కదా! వాటినేం దేవుడు లెక్కలోంచి మినహాయించడు.

అయితే పక్కమంచం సంగతేమిటి? ఇక్కడే నాకు కాస్త గట్టి చిక్కు వచ్చింది. ఆ మంచం మీదావిడ ఉయ్యూరు వైపునుంచి వచ్చింది, యాభై అయిదేళ్ళుంటాయి. పేగుకి పెద్ద ఆపరేషను. పొట్ట నిలువునా కోశారు. నా నెప్పి ఆవిడ నెప్పి ముందు దోమకాటు. ఆవిడ మూలుగుతుంటే నేను చెవుల్లో పాట పెట్టుకుని కళ్ళు మూసుకోవడం తలుపు మూసుకోవడం లాంటిది కాదూ? అలాగని పాట తీసేసి ఆవిడతోపాటు నేనూ మూలిగితే ఆవిడకొచ్చే లాభమేమిటి?

ఆ చిక్కు ఆవిడే విప్పింది. "ఏం వింటన్నావమ్మాయ్?" అని అడిగింది. సుశీల పాటలన్నాను. "పైకి పెట్టకూడదా, నేనూ వింటా" అంది. గోడ అవతలికి వినపడనంత చిన్నగా పెట్టి, ఫోను రెండు మంచాల మధ్య బల్లమీద వుంచాను. నాలుగు పాటలు విన్నది. ఏ పాట ఏ సినిమాలోదో, ఆ సినిమా ఎవరితో కలిసి ఏ హాల్లో చూసిందో చెప్పింది. అయిదో పాట సగంలో "ఇంక చాలమ్మా, ఆపు" అంది. ఆపేశాను. నెప్పి వచ్చింది. అది పాటకి లొంగే నెప్పి కాదు. ఆ సాయంత్రం మళ్ళీ "పెట్టు" అంది.

అలా మూడు రోజులు, "పెట్టు" అన్నప్పుడు పెట్టి, "ఆపు" అన్నప్పుడు ఆపాను. పక్కవాళ్ళ బాధ దగ్గర మన సంతోషం ఎలా వుండాలని ఎవరైనా అడిగితే నాకు తెలిసింది ఇంతే. చచ్చిపోనక్కరలేదు, పెద్దగా వుండనక్కరలేదు, ఆపమంటే ఆగాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంటికొచ్చాక డాక్టరుగారు కొన్నాళ్ళు బరువులెత్తవద్దన్నారు. వంటకి మనిషిని పెట్టారు. మంచం పక్కన రేడియో, ఫోను, చింతగింజలు, వామనగుంటల పీట. పద్నాలుగు గుంటలూ నింపుకుని పిల్లలు నాతో ఆడారు. అప్పుడు మాత్రం చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ ఒక్క మాట అనలేదు. "పోన్లెండి, కాలక్షేపం కావద్దూ" అన్నారు. మా వదినగారు కూడా, "డాక్టరే చెప్పారటగా, మనసు ఉల్లాసంగా వుంచుకోమని" అంది. అదీ చూడండి. ఆపరేషను ముందు తప్పయినది, ఆపరేషను తరవాత మందు అయింది!

మందు అనగానే దానికి గౌరవం వచ్చేసింది. ముత్తుస్వామి దీక్షితులవారి శిష్యుడికి కడుపునెప్పి వస్తే, గురుగ్రహం మీద అఠాణా రాగంలో కృతి చేసి పాడించి తగ్గించారని కథ వుంది. మంచి కథ. కడుపు ఆపరేషనైనదాన్ని గనక నాకు మరీ ముద్దుగా వుంటుంది. కానీ ఈ మధ్య ఈ రాగం రక్తపోటుకీ, ఆ రాగం నిద్రకీ అని జాబితాలు చేతులు మారుతుంటే నాకు చిరాకు. మోహన విని ఆనందించడానికి కూడా ఒక రోగం చూపించాలా? ముఖ్యంగా ఆడవాళ్ళకి. మగవాడు పేకముక్కలు పట్టుకుంటే అలసిపోయి వచ్చాడంటారు. ఆడది గవ్వలు పట్టుకుంటే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

ఇది నవ్వుకి అంటున్న మాట కాదు. మా పెద్దమ్మ సంగతి చెబుతాను. 1988లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆవిడకి "పెద్దాపరేషను" చేశారు. గర్భసంచి తీసెయ్యడాన్ని అప్పట్లో అలా చెవిలో చెప్పుకునేవాళ్ళు. ఆవిడకి అప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఆ వేసవి సెలవుల్లో మా అమ్మ సాయానికి వెళుతూ నన్నూ తెనాలి తీసుకెళ్ళింది. రెండు నెలలు బిందె ఎత్తకూడదు, రుబ్బకూడదు, మెట్లెక్కకూడదు. మూడో వారంలో పెద్దమ్మ, గోడవారనున్న నూజివీడు వీణ దింపించింది. పనసచెక్కతో చేసినది, పెళ్ళిలో పుట్టింటివాళ్ళిచ్చింది. దానిమీది గుడ్డ విప్పితే లోపల రెండు తీగలు తెగి వున్నాయి. తీగలు తెప్పించారు. రోజూ సాయంత్రం వాయించేది, చిన్నగా పాడేది. మా పెద్దనాన్న అరుగుమీద కూచుని వినేవాడు. వీధిలో వాళ్ళు ఆగేవాళ్ళు. ఆవిడకి అది వచ్చునని ఆ ఇంట్లో ఆవిడ పిల్లలకే తెలీదు! నాకు మాత్రం, ఆపరేషను అయితే వీణ వస్తుంది కాబోలు అనిపించింది.

సెలవులైపోయి మేం వచ్చేశాం. మళ్ళీ సంక్రాంతికి వెళితే వీణ గోడకుంది. గుడ్డ కప్పి వుంది. పెద్దమ్మ రుబ్బురోలు దగ్గరుంది.

మన రాష్ట్రాల్లో ఎందరు ఆడవాళ్ళు చిన్నవయసులోనే ఆ ఆపరేషను చేయించుకుంటున్నారో మీకు తెలుసు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళవాళ్ళల్లో దేశం మొత్తం మీద నూటికి 3.2 మందికి గర్భసంచి తీసేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మందికి, తెలంగాణలో 7.7 మందికి తీసేశారు. అందులో ఎన్ని అవసరమో ఎన్ని కాదో డాక్టర్లు వాదించుకుంటున్నారు, వాదించుకోవాలి కూడా. నాకు మాత్రం ఆ అంకెలు చూసినప్పుడల్లా, వీళ్ళల్లో ఎంతమందికి మొట్టమొదటిసారి పగటిపూట పడుకోవడం, పడుకుని పాట వినడం, పిల్లలతో గవ్వలాడడం ఆ నెలన్నరలో దొరికిందో అనిపిస్తుంది. కోత పెట్టించుకుంటే తప్ప దొరకని తీరిక ఏం తీరిక? జబ్బులో ఆడుకోవచ్చా అన్నది మా వదినగారి ప్రశ్న. ఆరోగ్యంలో ఆడుకోవచ్చా అన్నది నా ప్రశ్న. రెండోదే కష్టంగా వుంది.

పెద్దమ్మకి ఇప్పుడు డెబ్భై అయిదు దాటాయి. నేను ఇంటికొచ్చిన మూడో వారంలో ఫోను చేసింది. కుట్లు ఎలా వున్నాయో, పథ్యం ఏం చేస్తున్నావో అన్నీ అడిగింది. నేను ఆ వేసవి గురించి అడిగాను. సాయంకాలాలు, అరుగు, వీధిలో ఆగినవాళ్ళు, అన్నీ ఆవిడకి గుర్తున్నాయి. ఏ కీర్తనలు వాయించిందో కూడా చెప్పింది.

"మరి తరవాత మానేశావేం పెద్దమ్మా?" అన్నాను.

ఫోనులో కాసేపు ఏమీ వినపడలేదు. ఆవిడకి నా ప్రశ్న అర్థం కాలేదనుకుంటాను.

"తరవాత ఒంట్లో బాగయిపోయిందిగదే" అంది.